మూతి వంకరపోయిన ఎండాకాలం

మొన్న పింఛను ఇచ్చే చోట ఫోను ముందు నిలబెట్టి రెండు కళ్లూ ఒక్కసారి మూసి తెరవమంటే, నా ఎడమ కన్ను ఎప్పటిలాగే కాస్త ఆలస్యంగా మూసుకుంది, ఆ ఫోను నన్ను ఒప్పుకోనంది. వరుసలో వెనక ఉన్నవాళ్లు విసుక్కుంటే నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ఇంటికొచ్చి కూర్చున్నాక మాత్రం పాత భయమే మళ్లీ గుండెల్లో కదిలింది. మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, పిల్లలకు చెబితే నవ్వుతారు.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మరుసటి ఏడు అది. కొత్వాల్‌గూడలో మా చేను రింగు రోడ్డు కిందికి పోయాక, నేను గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల్లో రోజుకూలికి తిరుగుతుండగా, ఎయిర్‌పోర్టులో అందరి ముందూ జొన్నరొట్టెలు కాల్చి వడ్డించే పని దొరికింది. నెల జీతమంటే మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఎరగరు. రొట్టె చేయడం నాకు కొత్త కాదు గానీ, వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించాలని పదే పదే చెప్పి, నా ముక్కోపం మొహం చూసి నవ్వడం కూడా నేర్పించి పంపారు. సోమవారం చేరాలి.

ఆదివారం పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమవైపు నుంచి వాటంతటవే కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు జరిగి ఉంది, ఎడమ కన్ను మూద్దామంటే మూతపడదు. మా మామకూ ముందు మూతే పోయింది, తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాలు, చివరికి మంచంలోనే ఉండి ఉండి పోయాడు. ఆ మంచం అప్పటికింకా మా వరండాలోనే ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ ఇది పక్షవాతం కాదనీ, ముఖంలో నరం వాచిందనీ, మందులు వాడుతూ ఓపిక పడితే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుందనీ, వేళ్లతో మెల్లగా నిమరాలే గానీ లాగకూడదనీ చెప్పింది. నేను నమ్మితే గదా! వాడలో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు పావురం నెత్తురు పూయమన్నారు, ఇంకొకామె ఇక చెయ్యి జాగ్రత్తగా చూసుకొమ్మని చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట పట్టుకుని, చెయ్యి ఉందా పోయిందా అని గడియకోసారి నిండు బిందె ఎత్తి చూసుకునేదాన్ని.

సోమవారం పనివాళ్ల వ్యాను వచ్చి హారన్ కొడుతుంటే తలుపు వెనక దాక్కున్నాను. అది వెళ్లిపోయాక నాకేం పట్టిందో, అద్దం ముందు కూర్చుని బుగ్గను పైకి గుంజి, నవ్వు, నవ్వు అంటూ, అది నవ్వకపోయేసరికి చెంపలు ఫెడీఫెడీమని వాయించుకున్నాను. ఇన్నాళ్లూ ఊరుకుని ఇవాళే దొరికిందా నీకని నా మొహాన్ని నేనే తిట్టుకున్నాను. ఏదో పచ్చడి జాడీ మీద తగవు పడి అప్పటికి కొన్నాళ్లుగా నాతో మాట్లాడని మా అత్తమ్మ, పెరట్లో నుంచి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“పరాయోళ్ల బర్రె చేన్ల పడ్డా గిట్ల కొట్టవు గదనే. అది నీ మొఖమే. భయమైతే ఏడువు, ఎవరొద్దన్నరు? గని దాన్ని కొట్టకు.”

ఏడ్చాను. మామ మంచం వైపు చూడకుండా ఆమె కూడా ఏడ్చింది. తర్వాత నూనె గోరువెచ్చగా చేసి గిన్నె నా ముందు పెట్టి, నీ చేత్తో నువ్వే నిమురుకో అంది. ఇద్దరు పిల్లలకు ఒళ్లు రుద్ది పెంచినదాన్ని, నా మొహం మీద నేను అంత మెల్లగా చెయ్యి వేసుకోవడం మాత్రం చేతకాలేదు, మొదట్లో సిగ్గుగా కూడా అనిపించింది. భయం పోలేదు, నిమురుకుంటున్నంతసేపూ ఉండనే ఉండేది. ఉన్నా సరే, రోజూ నిమురుకున్నాను.

వానలు పడ్డాక ఒక పొద్దున చాయ్ తాగితే కొంగు తడవలేదు. దిష్టి తగులుతుందని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఉద్యోగం అప్పటికే వేరే ఆమెకు పోయింది, మరుసటి ఏడు మళ్లీ పిలిస్తే వెళ్లి సగం నవ్వుతోనే చాలా ఏళ్లు రొట్టెలు కాల్చాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు మా వాడంతా అపార్ట్‌మెంట్లు. పక్కింట్లో ఎవరికేమైందో తెలియదు, భయపెట్టడానికైనా ఒక మనిషి గడప తొక్కడు. అత్తమ్మ పోయి చాలా కాలమైంది. ఈ మధ్య చెల్లెలి ఇంటికి బయలుదేరిన పొద్దున మోకాలు పట్టేసి ప్రయాణం ఆగిపోతే, కోపంతో దాన్ని గుద్దబోయాను. ఎత్తిన చెయ్యి ఎవరైనా పట్టుకుంటారేమోనని ఒక్క క్షణం చూశాను. ఇంట్లో ఎవరూ లేరు. నా చెయ్యి నేనే దించుకుని, మోకాలి మీద మెల్లగా పెట్టుకున్నాను.