పెదనాన్న దిద్దిన అక్షరం

మా పెదనాన్నకు రెండు గర్వాలు ఉండేవి. ఎవరికీ ఏనాడూ బాకీ పడలేదన్నది ఒకటి. తన ప్రెస్సులోంచి ఒక్క అచ్చుతప్పూ బయటికి పోలేదన్నది రెండోది. వినయం మీద చర్చిలో ఎన్ని ప్రసంగాలు విన్నా, ఈ రెండింటి జోలికి మాత్రం దేవుణ్ని కూడా రానిచ్చేవాడు కాదు.

ప్రెస్సంటే ఒకటే గది. గోడ వారగా సీసపు అక్షరాల గళ్లపెట్టెలు, మధ్యలో కాలితో తొక్కే మిషను, పైన తాళ్ల మీద ఆరేసిన కార్డులు. ఆయన అప్పు అడగడు, ఇవ్వడు. "అప్పిస్తే డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు" అనేవాడు. ఆయన తమ్ముడు, అంటే మా నాన్న, టైలరు. కుట్టిన బట్టలకు రావలసిన డబ్బు అడగడానికే మొహమాటపడే రకం.

ఒక ఏడాది చివర పాస్టరు గారు సంఘంలో పంచడానికి వాక్యం కార్డులు వేయమన్నారు. ప్రేమ విషయంలో తప్ప ఎవరికీ ఏమీ "అచ్చియుండవద్దు" అన్న వాక్యం. పెదనాన్న చర్చికి వెళ్లడం ఎంత నిజమో, వెనక బెంచీలో కునుకు తీయడం అంత నిజం. అచ్చు తెలుసు గానీ, అచ్చి ఉండటం ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. పాస్టరు గారి చేతిరాతను తిట్టుకుని, 'అ' తీసి 'ఇ' పెట్టాడు. ప్రేమ తప్ప ఎవరికీ ఏమీ ఇచ్చియుండవద్దు. తన సిద్ధాంతమే దేవుడి నోట విన్నందుకు లోలోపల మురిసిపోయాడు కూడా.

ఆ కార్డులు ఆరుతుండగా మా నాన్న ప్రెస్సుకు వెళ్లాడు. కొట్టు కప్పు కారి, ఎవరివో పెళ్లిబట్టలు పాడయ్యాయి. వాటి ఖరీదు కట్టిస్తానని మాటిచ్చాడు. అన్నను జీవితంలో మొదటిసారి డబ్బు అడుగుదామని వెళ్లి, తలెత్తి కార్డు చదివాడు. పక్కది చదివాడు. అదీ అదే మాట చెప్పింది.

"ఏంట్రా, పనుండి వచ్చావా?"

"ఏం లేదన్నయ్యా. ఇటు పోతూ ఊరికే వచ్చా."

అటునుంచి అటే వెళ్లి వారం వడ్డీకి తెచ్చాడు. నాలుగు వారాలకే వడ్డీ కొండలా పెరిగింది. కట్టకపోతే కుట్టుమిషను పట్టుకుపోతానని వడ్డీవాడు గుమ్మంలో నిలబడి గడువు పెట్టాడు. ఆ మిషను పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

కొత్త ఏడాదిలో కార్డులు పంచిన ఆదివారం పాస్టరు గారు ఒకటి చదివి నవ్వారు. "అచ్చి ఉండటమంటే బాకీ ఉండటమండీ, పాత మాట. ప్రేమ బాకీ ఒక్కటే ఎప్పటికీ ఉంటుందని. మన ప్రెస్సాయన 'ఇచ్చి' చేసేశారు. ఇక కానుకల పెట్టెకు తాళం వేసుకోవాలేమో!" సంఘమంతా గొల్లుమంది. పెదనాన్న తల దించుకున్నాడు. నాన్న మాత్రం నవ్వలేదు.

బయటికొచ్చాక అమ్మ ఆగలేకపోయింది. "బావగారూ, ఆ కార్డు చూసే మీ తమ్ముడు మిమ్మల్ని అడక్కుండా వచ్చేశారు. ఇప్పుడు మా మిషను పోతోంది."

పెదనాన్న నాన్న వైపు తిరిగాడు. "ఒరేయ్, అడగొచ్చు కదరా" అన్నాడు.

"దేవుడే వద్దన్నాడనుకున్నా అన్నయ్యా."

మర్నాడు పొద్దున్నే పెదనాన్న, ప్రెస్సులో కరెంటు మిషను కోసం ఏళ్లుగా కూడబెట్టిన డబ్బంతా తీసుకెళ్లి వడ్డీవాడికి కట్టేశాడు. నాన్న ఆయన చేతులు పట్టుకుని, "మొత్తం తీరుస్తానన్నయ్యా" అన్నాడు. వద్దులేరా అంటాడని నేను ఎదురుచూశాను. "తీర్చు" అన్నాడు ముక్తసరిగా. నాకు ఒళ్లు మండిపోయింది. వాక్యం దిద్దించుకున్నాడు గానీ బుద్ధి మారలేదనుకున్నాను.

నాన్న మాత్రం ఒకటో తారీఖు వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలెత్తుకుని ప్రెస్సుకు వెళ్లేవాడు. డబ్బిచ్చి, ఆ పూటంతా అన్న దగ్గరే కూర్చునేవాడు. పెదనాన్న ఆ డబ్బు వద్దని ఉంటే ఆ చొక్కా, ఆ తలెత్తుకోవడం ఉండేవి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనుషుల దగ్గర తెచ్చింది తిరిగి ఇవ్వడం కూడా ఆరాధనేనని నాన్న నమ్మేవాడు.

కొన్నేళ్లకు అప్పు తీరిపోయింది. తర్వాతి ఒకటో తారీఖున నాన్న అలవాటుగా చొక్కా తీసి, ఇక వెళ్లాల్సిన పని లేదని గుర్తొచ్చి మళ్లీ తగిలించేశాడు. ఆ సాయంత్రం పెదనాన్నే మా ఇంటికి వచ్చాడు. పిలవకుండా తనంతట రావడం అదే మొదటిసారి.

నాన్న కంగారుపడ్డాడు. "ఏంటన్నయ్యా? లెక్కలో ఇంకేమన్నా మిగిలిందా?"

"నీది తీరిందిరా. ఆ కార్డు మీది బాకీ నాదే, అసలు మొదలుపెట్టలేదు" అన్నాడు పెదనాన్న, చెప్పులు విడుస్తూ. "ఈ నెల నుంచి నేను కడతా."

అమ్మ వైపు తిరిగి, కాస్త మొహమాటంగా, "అన్నం ఉందామ్మా?" అని అడిగాడు.