డేనియల్ ఫోటో మీద బొట్టు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. రాయ్‌పూర్ రైల్వేలో ముప్పై ఏళ్ళు నైట్ డ్యూటీలు చేసినవాణ్ణి. దయ్యం కథలు చెప్పి మిమ్మల్ని బెదిరించాల్సిన అవసరం నాకేం లేదు. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది.

మా రాయ్‌పూర్‌లో ఏటా డిసెంబరులో, యుద్ధంలో పోయిన జవాన్లకు శ్రద్ధాంజలి సభ పెడతారు. ఒక్కో సంఘం తరఫున ఒకరు వెళ్ళి, తమవాళ్ళ ఫోటో పెట్టి, పూలచక్రం ఉంచాలి. తెలుగు సంఘం తరఫున వెళ్ళేది నేను. మా ఫోటో డేనియల్‌ది. ఇరవై నాలుగేళ్ళకే సరిహద్దులో పోయాడు. వాళ్ళమ్మ రూతమ్మగారు రిటైరైన నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు.

ఒక ఏడాది నేను చేసిన ఘనకార్యం వినండి. ఇంట్లో పటాలకు పెట్టే అలవాటు... చెయ్యి ఊరుకోదు కదా, డేనియల్ నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టేశాను. రూతమ్మగారు చూశారు. లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత సభ మాట ఎత్తితే చాలు, మీరు కానివ్వండి బాబూ అని ఫోన్ పెట్టేసేవారు. కన్నతల్లి రాని సభకు కొడుకు ఫోటో ఎలా మోసుకెళ్ళను? నాకు సిగ్గేసింది.

మరుసటి ఏడు సభకు ముందు రోజు సంఘం హాలుకి వెళ్ళాను. రాత్రి ఏడు దాటింది. చలి. పైగా కరెంటు లేదు. తలుపు గడియ పెట్టి, సెల్‌ఫోన్ వెలుగులో బీరువాలోంచి ఫోటో తీశాను. బొట్టు అలాగే ఉంది. రుమాలుతో రుద్దాను. రాలేదు. అద్దానికి అతుక్కుపోయింది. ఫోటో బల్ల మీద పెట్టి, రుమాలు తడుపుకుందామని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్...

బూట్లు. హాల్లో. తొందర లేదు... దారి తెలిసిన నడక. బల్ల దగ్గర ఆగింది.

కుళాయి కట్టేశాను. ఇంకే చప్పుడూ లేదు... నా ఊపిరి తప్ప. "కౌన్ హై? ఎవరది?" అన్నాను. పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

వచ్చి చూస్తే ఎవరూ లేరు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. అద్దం మీద మాత్రం... బొట్టు లేదు. తడి రుమాలు ఇంకా నా చేతిలోనే ఉంది.

ఫోటో చంకన పెట్టుకుని ఒకటే పరుగు. స్కూటర్ తిన్నగా రూతమ్మగారి గుమ్మం ముందు ఆపాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పైపోయింది, క్షమించమన్నాను. ఏడాదిగా ఆ ఒక్క మాటా ఆమెతో అననేలేదని అప్పుడు తట్టింది నాకు.

ఆమె అద్దం మీద చెయ్యి వేసి చాలాసేపు చూశారు.

"మావాడికి గొడవలంటే పడదు బాబూ. ఎవరేం తప్పు చేసినా తనే సర్దేసేవాడు," అన్నారు. ఫోటో నా చేతికిచ్చి, "రేపు ఎన్నింటికి?" అని అడిగారు.

మర్నాడు మైకులో డేనియల్ పేరు చదివారు. పూలచక్రం ఆమె చేతిలో పెట్టాను.

"నువ్వూ ఓ చెయ్యి వెయ్యి బాబూ. బరువుగా ఉంది."

అన్నీ బంతిపూలే, బరువేముంటుంది. ఇద్దరం పట్టుకుని నడిచాం.

ఆ అడుగులు ఎవరివో... గాలికి కదిలిన పైకప్పు రేకో, నా భయమో, ఇంకెవరో... ఒట్టు, నాకిప్పటికీ తెలియదు. మొన్న డిసెంబరులో సభకు వెళ్ళేసరికి రూతమ్మగారు నాకంటే ముందే వచ్చి, పక్కన నాకో కుర్చీ పట్టి ఉంచారు.