చాకుకు రెండో గాడి

ముందుగా చదివేవారికి ఒక మాట. నేను చదివింది నాలుగో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. నాలుగైదు ఉత్తరాలు తప్ప ఇంతకుముందు ఏమీ రాసినవాణ్ని కాదు. అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పుగా ఉన్నా కోప్పడకండి. నాకు బాగా తెలిసినవి రెండే, ఒక చాకు, మా అన్న. వాటి గురించే రాస్తున్నాను.

మాది తడకు తూర్పున పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. అమ్మా నాయనా మా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో నేను, నాకన్నా ఆరేళ్లు పెద్దవాడైన అన్న. ఇద్దరికీ ఒకే పడవ, ఒకే వల, ఒకే చాకు.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులవి. ఏటా వానలు తగ్గి రొయ్యలు పడే కాలంలో ఒక ముసలాయన సైకిల్ మీద బుట్ట కట్టుకుని తడ సంతకు చాకులు తెచ్చేవాడు. మడిచి నడుముకు దోపుకునే చాకు. నాయుడుపేటలో ఎక్కడో చేసేవారు. బ్లేడు మీద నెలవంక గుర్తు ఉండేది, అందుకని అందరం నెలవంక చాకు అనేవాళ్లం. చెక్క పిడి, ఒక ఇత్తడి మేకు, అంతే. తెరిచాక బ్లేడును పట్టి ఉంచేది ఏమీ లేదు. గోరు దూర్చి తెరవడానికి బ్లేడుకు ఒక పక్కన సన్నటి గాడి. ఆ గాడి కుడిచేతి వాళ్లకు పనికొచ్చే పక్కనే ఉండేది. మా అన్నది ఎడమచేతి వాటం. చాకును ఒళ్లో పెట్టుకుని, రెండు వేళ్లతో గిల్లి తెరిచేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నేను నవ్వేవాణ్ని కాదు.

మాలో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ చెడుతుందని నమ్మకం. ఎంత తొందరలో ఉన్నా అన్న చాకును పడవ చెక్క మీదే పెట్టేవాడు.

ఒకరోజు సరస్సు మీద గాలి లేచింది. వల అడుగున ఏదో మొద్దుకు చిక్కుకుంది. తాడు అన్న కుడిచేతికి చుట్టుకుని బిగుసుకుంది, పడవ ఒక పక్కకు ఒరిగిపోతోంది. చాకు అడిగాడు. నేను తెరిచి ఆయన ఎడమ చేతిలోనే పెట్టేశాను. తాడు మీద పెట్టి నొక్కగానే బ్లేడు మడతపడి ఆయన చూపుడు వేలిని ఎముక దాకా కోసింది. ఎలాగో తాడు విడిపించుకున్నాం గాని వల పోయింది.

సాయంత్రం వేలికి పసుపు గుడ్డ కట్టుకుని అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కింద పెట్టమని ఎన్నిసార్లు జెప్పినా నీకు? చేతికిస్తావా కత్తిని?"

"పడవ మునిగిపోతా ఉంటే కింద యాడ పెట్టేది?"

"పెట్టాల. ఎంతసేపు పడతాదిరా పెట్టేదానికి?"

నాకు వల పోయిందన్న కడుపుమంట. "ఎడం చేత్తో పట్టేవోడికి ఏ కత్తయినా తిరగబడతాది. ఊరంతా ఊరికే నవ్వతారా" అన్నాను.

అన్న ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి లేచి చూస్తే చాప చుట్టి ఉంది, మనిషి లేడు. చాకు మాత్రం నా తల పక్కన నేల మీద పెట్టి ఉంది.

మద్రాసులో చూశామని ఒకరన్నారు. కృష్ణపట్నం దగ్గర పడవ మీద చూశామని ఇంకొకరు అన్నారు. రెండు చోట్లకూ వెళ్లాను, లేడు. ఇద్దరు చేసే పని ఒక్కడికి సాగదు. పడవ తోసే గెడ వేస్తే వల లాగేవాడు ఉండడు, వల లాగితే పడవ నిలిపేవాడు ఉండడు. ఒడ్డు దగ్గరే చిన్న వలతో పట్టుకునేవాణ్ని. పొయ్యి మీద మాత్రం ఇద్దరికీ సరిపడా ఎసరు పెట్టేవాణ్ని. బియ్యం పోశాక గుర్తొచ్చేది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగి సరస్సంతా గోల పెట్టేవి. మనిషి గొంతు వినని రోజుల్లో నేనే పైకి "గెడ ఎత్తు" అనుకుని, నేనే ఎత్తేవాణ్ని. ఆయన వచ్చి నేనన్న మాట వెనక్కి తీసుకోమంటాడేమో, కాళ్లు పట్టుకుందామని చూస్తూ ఉండేవాణ్ని.

మరుసటేడు సంతలో ముసలాయన కొత్త చాకు తెరిచి చూపించాడు. టక్కుమని నిలబడింది. పిడి వెనక స్ప్రింగు బద్ద వేశారు.

"ఈసారి దీనికి వెన్నుపూస పెట్టినారు అబ్బయా. ఇంక మడతపడదు."

"ఎవురి వేలో తెగినాక పెట్టుంటార్లే పెద్దాయనా" అన్నాను నేను. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ పై ఏడు పిడి చివర చిన్న బెజ్జం వచ్చింది. "చెవి కుట్టినారు చూడు" అన్నాడు ముసలాయన. దారం దూర్చి మొలతాడుకు కట్టుకున్నాను. నీళ్లలో పడిపోతుందన్న భయం పోయింది. తర్వాత రెండేళ్లు ఏ మార్పూ లేదు. ఆలోపు మా ఒడ్డుకు నైలాన్ వలలు వచ్చాయి. నూలు తాడు తెగినట్టు నైలాన్ తెగదు, బ్లేడు కింద జారిపోతుంది. అందరం తిట్టుకుంటూ ఉండగానే, బ్లేడు మొదట్లో రంపం పళ్లలాంటి నొక్కులతో చాకు వచ్చింది.

"నాయుడుపేటలో ఉండేవోళ్లకి నైలాన్ బాధ ఎట్ట తెలిసింది పెద్దాయనా?"

"నన్నడిగితే? నేను అమ్మేవోణ్ణి. నువ్వు కొంటావా, మాటలతోనే పొద్దు పుచ్చతావా?"

కొన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చాలా రోజులు చూశాను గాని నాకు తట్టలేదు.

ఆ మరుసటేడు తెచ్చిన చాకుకు గాడి రెండు పక్కలా ఉంది.

"ఇదేంది, రెండో గాడి ఎవురికి?"

"ఆడ సాన పట్టే ఆయన పోరు పెట్టి చేయించినాడంట. ఎడంచేతోళ్లు కత్తి కొనరా ఏంది, అన్నాడంట."

నేను చాకును ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. గోరు దూర్చాను. తేలిగ్గా తెరుచుకుంది. అక్కడే ముసలాయన సైకిల్ పట్టుకుని కూర్చుండిపోయాను.

"ఏమబ్బయా, ఎండ దెబ్బా?"

"ఆయన చూపుడు వేలు వంగతాదా?"

"వంగదు. నీకెట్ట తెలుసు?"

మరునాడే తడలో రైలెక్కి నాయుడుపేట వెళ్లాను. స్టేషన్ వెనక రేకుల షెడ్డు. నలుగురైదుగురు పని చేస్తున్నారు. అన్న వీపు నాకు కనపడింది. సానరాయి ముందు కూర్చుని ఎడమ చేత్తో బ్లేడు ఆనిస్తున్నాడు. చూపుడు వేలు ఒక్కటే పుల్లలాగా నిటారుగా ఉంది. తిరిగి చూసి రాయి ఆపాడు.

"తిన్నావా?" అన్నాడు.

"ల్యా."

"నైలాన్ వలేనా ఇప్పుడు?"

"నైలానే."

"పళ్లు పెట్టించినాను గదా, తెగతా ఉండాయా?"

"తెగతా ఉండాయి."

ఎన్నేళ్లుగానో దాచుకున్న మాట నోట్లోనే తడబడింది. "అన్నా, ఆ పొద్దు నేనన్న మాట..."

"ఆ మాట ఊరంతా అన్నారు. నువ్వొక్కడివన్నా అనవని అనుకోనుంటిని." చేతిలోని బ్లేడు పక్కన పెట్టాడు. "వేలు తెగింది నీవల్ల కాదు. దానికి స్ప్రింగు ల్యాక."

"ఇంటికి రా."

"వచ్చి ఏం జేసేది? ఈ వేలితో గెడ పట్టలేను. ఈడ కూర్చోని ఈ మాత్రం చేస్తా ఉండా."

రాజీ అయ్యామో లేదో నాకు తెలియలేదు. నా మొలతాడుకున్న చాకు అడిగాడు. విప్పి ఇచ్చాను, మళ్లీ చేతికే ఇచ్చానని తర్వాత తెలిసింది. ఆయన రాయి మళ్లీ తిప్పాడు. సాన పట్టాడు, గుడ్డతో తుడిచాడు, మడిచాడు. నేను చెయ్యి చాపాను. ఆయన చేతికివ్వకుండా నా కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు. వంగి తీసుకున్నాను.

సాయంత్రం రైలుకు ఒక్కడినే తిరిగొచ్చాను. అన్న ఊరికి రాలేదు. ఏడాదికి రెండుసార్లు నేనే వెళ్లి కలిసి అన్నం తిని వచ్చేవాణ్ని, ఆయన పోయేదాకా. ఇంట్లో ఒంటరితనం ఏమీ తగ్గలేదు. ఎసరు మాత్రం ఒకరికే పెట్టడం నేర్చుకున్నాను. తర్వాతి ఏళ్లలో సంతకొచ్చిన నెలవంక చాకులకు పిడి కొంచెం సన్నబడింది. అది అన్న పనేనా అని నేను అడగలేదు.

అన్న సాన పట్టి ఇచ్చిన చాకును ఇప్పుడు ఈ కాగితాలు గాలికి ఎగరకుండా పైన పెట్టాను. రాసింది మళ్లీ చదివితే చాలా తప్పులు కనపడుతున్నాయి, దిద్దడం నాకు రాదు. పెద్దమనసుతో మన్నించండి.