పేలని రెండో మందు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. బర్మా కొండల్లో ఆ చెక్క వంతెన పొడవు రెండు వందల ఇరవై అడుగులు. కింద నలభై అడుగుల లోతున రాళ్ల వాగు. వంతెన నడిమి కాలికి రెండు దుంగలు, దుంగకొక పేలుడు మందు కట్టినాము. వత్తి అడుగుకు ముప్ఫై సెకన్లు కాలుతుంది. మా వెనక బురదలో దిగబడిన లారీలలో గాయపడినవాళ్లు ముప్ఫై ఒక్కమంది. వంతెన నిలిచి శత్రువులు దాటితే వాళ్లు మిగలరు.

మొదటి మందు పేలింది! వంతెన ఒక పక్కకు ఒరిగింది, కానీ కూలలేదు. రెండోది పేలలేదు.

"గిద్దలూరు మామా, అది మొండికేసింది!" అని అరిచినాడు నా పక్కనున్న మార్కాపురం జవాను. యుద్ధానికి ముందు ఇద్దరం మార్కాపురం పలకల గనుల్లో ఉన్నవాళ్లమే. అతడు రాతి బెజ్జాల్లో మందు కూరేవాడు, నేను కొలతలు వేసేవాణ్ణి. గనిలో ఒక కట్టుబాటు ఉండేది: పేలని మందు దగ్గరికి దాన్ని కూరినవాడే పోవాలి, అదీ సద్ది మూట విప్పి తిన్నాకే. లోపలి నిప్పు చచ్చిందో బతికుందో తేలడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

"ఆగు, సద్ది తినలేదింకా" అన్నాను.

"నా వంతు కూడా నువ్వే తిను మామా! మనం తినేదాకా వాళ్లు ఆగుతారా ఏంది?"

ఆవలి గట్టున శత్రువుల మొదటి వరుస అప్పటికే వంతెన మీద కాలు పెట్టింది. అతడు బిస్కత్తుల పొట్లం నా ఒళ్లోకి విసిరి, తుపాకి నా చేతికిచ్చి, "కూరింది నేనే గదా" అంటూ ఉరికినాడు.

తూటాలు పలకలను చీల్చుతున్నాయి. అతడు కోతిలా దుంగ పట్టుకొని దిగినాడు. "మామా! తూటా వత్తిని తెంపింది! జానెడే మిగిలింది!"

జానెడంటే ఇరవై రెండు సెకన్లు. కట్టేటప్పుడు గడియారం పెట్టి చూసినాను, అక్కడినుంచి పైకెక్కడానికే పదిహేను పట్టింది. మిగిలిన ఏడింటిలో ఒరిగిన వంతెన మీద నూట పది అడుగులు ఎవడూ పరుగెత్తలేడు. ఆ లెక్క అతనికీ తెలుసు.

"వచ్చెయ్!" అని గొంతు చించుకున్నాను.

అగ్గిపుల్ల వెలిగింది. పైకి ఎక్కనే లేదు. గాలికి ఆరకుండా రెండు చేతులూ వత్తికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

వంతెన మొత్తం లేచి, వాగులో పడింది.

లారీలలో ముప్ఫై ఒక్కమందీ బతికినారు. పోయినవి: చెక్క వంతెన ఒకటి, మార్కాపురం మనిషి ఒకడు. తుపాకి అప్పగించినాను. బిస్కత్తులు తినలేదు.