వలలక్క కుట్టిన గుండీలు

వలలు బాగుచేసే ఆవిడను రేవులో అందరూ వలలక్క అనేవారు. రేకుల షెడ్డులో ఏడుగురు ఆడవాళ్లతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపేది. పెద్ద ఓడలు చిరిగిన వలలను సముద్రంలోనే వదిలేసి పోతుంటాయి. అలాంటి దిక్కూమొక్కూ లేని వల ఒకటి పడవ ఇంజను రెక్కలకు చుట్టుకుంటే, ఆమె భర్త రెండు మైళ్లు ఈదుకుంటూ ఇంటికొచ్చాడు. పడవ రాలేదు. అప్పటినుంచి అక్కది ఒకటే పంతం: ప్రతి వల మీదా యజమాని గుర్తుండాలని దేశాల ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించాలి. ఆ ఒప్పందం తేల్చే దేశాల సభ ఈసారి తప్పితే మళ్లీ ఐదేళ్లకే.

సభలో దేశాలకు ముందు వరసలు, జెండాలు, మైకులు. సంస్థలకు చివరి వరస, ‘సమయం మిగిలితే’ మాట్లాడ్డానికి రెండు నిమిషాలు. ఇలాంటి సభల వార్తలు రాస్తూ నేను తిరిగిన దేశాల్లో ఎండిపోయిన నదులు చూశాను, మంచులో పూసిన పూలు చూశాను గానీ, సమయం మిగిలిన సభ మాత్రం చూడలేదు. అందుకే సంస్థలవాళ్ల పనంతా వరండాల్లోనే.

మొదటిరోజే ఒక చిన్న ద్వీపదేశపు ప్రతినిధికి తెగిన సంచి పట్టీ కుట్టిపెట్టి, వాక్యాన్ని ప్రతిపాదించేలా అక్క ఆమెను ఒప్పించింది. ఒక్క దేశం కాదన్నా వాక్యం పోయినట్టే; అడ్డొచ్చేదల్లా పెద్ద ఓడలు దండిగా ఉన్న దేశపు రాయబారే. దేనికైనా ‘కుదరదు’ అంటాడని ఆయనకు కుదరదుగారని పేరు. మూడోరోజు కాఫీ యంత్రం దగ్గర ఆయన దొరికాడు.

“గుండీ ఊడేట్టుంది బాబూ, కోటు ఇలా ఇవ్వండి.”

అక్క మేనకోడలు, సంస్థ కార్యదర్శీ దుబాసీ కూడా ఆమే, నెత్తి కొట్టుకుంది. “అత్తా, ఆయన రాయబారి!”

“రాయబారైతే గుండీ ఊడదా ఏంటే? చెప్పు ముందు.”

కోటు చేతికొచ్చింది. వదులుగా ఉన్నాయంటూ మిగతా గుండీలూ కత్తిరించేసింది! ఒక్కోటీ కుడుతూ, భర్త ఈత కథంతా చెప్పింది. కోటు వదిలి ఎక్కడికి పోతాడు పాపం?

“అవి మా ఓడల వలలేనని రుజువేంటి?” అన్నాడాయన.

“అదేగా బాబూ నా గోల! గుర్తుంటే మీవి కానివి మీ నెత్తిన పడవు.”

ఆయన కాఫీ చల్లారిపోయింది. ఇంతలో గంట మోగింది. ఇంకా మూడు గుండీలు మిగిలే ఉన్నాయి. చొక్కాతోనే లోపలికి పరుగెత్తాడు.

ద్వీపదేశపు ప్రతినిధి వాక్యం చదివింది. “అభ్యంతరాలున్నాయా?” అన్నాడు అధ్యక్షుడు. అలవాటుకొద్దీ సభంతా కుదరదుగారి వైపే చూసింది. చివరి వరసలో కోటు ఒళ్లో పెట్టుకున్న అక్క సూది గాల్లోనే ఆగిపోయింది.

ఆయన మైకు నొక్కాడు. “అభ్యంతరం లేదు. కానీ నా కోటు చివరి వరసలో ఉంది.”

అధ్యక్షుడి సుత్తి టక్కుమంది. చప్పట్లు కొట్టకూడదన్న నియమం ఆ వరసలో ఎవరికీ గుర్తురాలేదు. అక్క కోటును జెండాలా ఊపుతూ ఇంటికి ఫోను కలిపింది.

“ఏమయ్యా, గెలిచాం! ఇకమీదట వల వదిలేసినోణ్ణి పేరుపెట్టి తిట్టుకోవచ్చు!”