ముసలి ఇంజనుకు చల్లనీళ్ళు

గాడిద వీపున నీళ్ళ తిత్తులు వేసినట్టుంటుంది ఆ రైలింజను. బాయిలర్ మీదనే, రెండు పక్కలకూ వంగిన నీళ్ళతొట్టి. విక్టోరియా రాణి కాలంలో ఓడెక్కి వచ్చిందట. ఎర్రగుంట్ల దగ్గర మా ఊరి క్వారీ నుంచి నాపరాళ్ళను పెద్దలైను దాకా లాగీ లాగీ, లారీలు వచ్చాక షెడ్డులో నిలబడిపోయింది. మా మామ దాంట్లో బొగ్గు వేసిన మనిషి. ఆయన కొడుకైన మా ఆయన, ఫిట్టరు పని మానుకున్నాక, దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాడు. క్వారీ యజమాని ఓపిక పట్టి పట్టి, "ఈతూరి తిరగకపోతే పాతినుముకు ఇచ్చేస్తానప్పా, నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు.

ఎండాకాలం. పొద్దున్నే మంట వేశాడు. ఇంట్లో అమ్మ దగ్గర బైబిలు ముందు కూర్చుని అక్షరాలు నేర్చినదాన్ని, బాయిలర్ సంగతులు నాకేం తెలుసు? మా ఆయన చెప్పింది ఒక్కటే గుర్తు: బాయిలర్‌లో నీళ్ళెంతున్నాయో చూపే గాజుగొట్టంలో మట్టం మరీ కిందికి దిగితే మంట బయటికి లాగేయాలి, లేకుంటే ప్రాణాలకే ముప్పు.

మధ్యాహ్నానికి ఆవిరి పట్టింది. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. అంతలో మా ఆయన ముఖం మారింది. తొట్టి నీళ్ళను బాయిలర్‌లోకి తోసే ఇంజెక్టరు, తిప్పినప్పుడల్లా నీళ్ళను బయటికే కక్కుతోంది. గాజుగొట్టంలో మట్టం దిగుతోంది.

"ఏమైందప్పా?" అన్నాడు యజమాని.

"కింద బాయిలరు, పైన ఎండ. తొట్టిలో నీళ్ళు కాగినాయి. వేడినీళ్ళు ఇది మింగదు. సల్లనీళ్ళు కావల్ల, బిన్నా తేండి, తొందరగా!"

"ట్యాంకరు సాయంత్రానికి గానీ రాదే!"

'ప్రభువా' అన్నాను. చుట్టూ చూశాను. షెడ్డు నీడలో, జనం తాగడానికని మా చర్చి ఆడవాళ్ళం తడిగోనెలు చుట్టి పెట్టిన కుండలు కనిపించాయి. మా ఆయన తొట్టిలో కాగిన నీళ్ళు నేలకు వదిలేశాడు. మేము వరసగా నిలబడి కుండలు అందించాం.

"ముసిలిదానికి తానం పోస్తాండామా వదినా?" అంది పక్కింటామె.

"తాపిస్తాండాం. మాటలు మాని కుండ అందుకో."

విప్పిన గోనెలు కూడా తొట్టి మీద కప్పాం. మా ఆయన మళ్ళీ తిప్పాడు. ఇంజెక్టరు ఒకసారి దగ్గి, సన్నగా ఈల వేసినట్టు పాడింది. గాజుగొట్టంలో నీళ్ళు మెల్లగా పైకి లేచాయి. అక్కడే బండ మీద కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇంజను క్వారీ చివరిదాకా పోయి వచ్చింది. యజమాని, "ఇంగ పాతినుము మాట ఎత్తను పో" అన్నాడు.

మసిముఖంతో దిగిన మా ఆయన నా దగ్గరికే వచ్చాడు. "శానా దప్పికైతాండాదిమే. గుక్కెడు నీళ్ళియ్యి."

కుండ బోర్లించి చూపించాను. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటిదారి పట్టాం.