బారులో నిలబడి వరస కలిపాం

"ఏమోయ్, బార్లు తిప్పుతున్నావంటగా?"

సిడ్నీ శివార్లలో కెల్లీవిల్ పార్కు, ఆదివారం బార్బెక్యూ. మా వాళ్ళందరూ ఉన్నారు. పొయ్యి మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి. ఆంటీ ఆ మాట ఎంత గట్టిగా అన్నారంటే, పక్క పొయ్యి దగ్గర సాసేజీలు కాల్చుకుంటున్న తెల్లాయన కూడా తలెత్తి చూశాడు, పాపం అతనికి తెలుగు రాకపోయినా.

"నేను తిప్పడమేంటాంటీ, టూరిస్టులే తిరుగుతారు. నేను ముందు నడుస్తాను, అంతే."

"అదేలే. మీ ఆయన ఏమీ అనడా?"

"అనడానికేముంది? నేను తాగేది లెమనేడు."

ఆంటీ "ఆహా" అని ఒక దీర్ఘం తీశారు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మా అమ్మ ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధమూ లేదు. సిడ్నీ నగరం నడిబొడ్డున నాలుగు బార్లు, ఒక్కో బార్లో ఒక గ్లాసు, గ్లాసుకో కథ. కమ్యూనిస్టు పాలనలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం తొడుక్కున్నారు, దేనికోసం నిలబడ్డారు అని చెప్పే టూరు అది. నడిపేది పోలెండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిడ. నేను అప్పటికి ఆవిడ సంచి మోసేదాన్ని మాత్రమే. వచ్చే శుక్రవారం నాకు పరీక్ష. నెగ్గితే టూరు నాది. లేకపోతే ఆ టూరే ఉండదు.

ఇదంతా నా ఉద్యోగం పోవడంతో మొదలైంది. పొమ్మనలేక పొగపెట్టారంటారు. మా ఆఫీసు వాళ్ళు నయం, పార్టీ పెట్టారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో జుట్టు నెరిసిపోయాక, టీమ్‌లో సగం మందిని తీసేసి, తీసేసినవాళ్ళనీ మిగిలినవాళ్ళనీ కలిపి ఈ టూరుకి తీసుకొచ్చారు. పెద్దావిడ చేతికర్ర పట్టుకుని ముందు నడుస్తూ చెప్పింది. దుకాణాల్లో అరలన్నీ ఖాళీగా ఉండి, వెనిగర్ సీసాలు మాత్రం బారులు తీరి ఉండేవట. వీధిలో క్యూ కనబడితే ముందు నిలబడటం, తర్వాత ఏం అమ్ముతున్నారని అడగటం. టాయిలెట్ పేపర్ దొరికిన రోజున చుట్టలన్నీ తాడుకి గుచ్చి, మెళ్ళో దండలా వేసుకుని ఇంటికెళ్ళేవాళ్ళట. మా ఆఫీసు పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"క్యూ దగ్గరికి రాగానే మా నోట్లోంచి వచ్చే మొదటి మాట, 'చివర ఎవరు?' అని" అంది ఆవిడ.

"అయ్యో, మేమూ అదే అడుగుతాం!" అన్నాను, లెమనేడు గ్లాసు పట్టుకుని, అందరి మధ్యా.

ఆవిడ ఆగి నా దగ్గరికొచ్చింది. మీ భాషలో ఎలా అంటారు అని అడిగింది. "చివరెవరండీ?" అన్నాను. ఆవిడ నోరు తిప్పింది. "చివ... రాంటీ?" మళ్ళీ చెప్పాను. మళ్ళీ "చివరాంటీ"యే. ఆంటీ అంటే ఏమిటో ఆవిడకీ తెలుసు కాబట్టి ఇద్దరం విరగబడి నవ్వుకున్నాం. ఆ సాయంత్రం నుంచి నేనే ఆవిడకి చివరాంటీని.

ఇంట్లో ఉండలేక ప్రతి టూరుకీ వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఆయన ఆఫీసుకి, పిల్ల యూనివర్సిటీకి. తర్వాత నేనూ డిష్‌వాషరూ. ఇంటర్వ్యూలకి వెళితే మా అమ్మాయి వయసువాళ్ళు నన్ను "మీ స్ట్రెంత్స్ ఏమిటి?" అని అడిగేవాళ్ళు. ఓర్పు అని చెప్పేదాన్ని. వాళ్ళకి అది నచ్చేది కాదు. నిజం చెప్పాలంటే నాకు జీతం కన్నా, నేను నోరు తెరిస్తే వినే నలుగురు కావాలి. అది లేక లోపల ఎండిపోతున్నాను.

పెద్దావిడ సంచి వలలా అల్లిన సంచి. మడిస్తే పిడికిట్లో పడుతుంది. ఆ రోజుల్లో ఏ వీధిలో ఏం దొరుకుతుందో తెలియదు కాబట్టి, ఎందుకైనా మంచిదని ప్రతి ఆడమనిషీ చేతిలో ఒకటి ఉంచుకునేదట. అందులో ఖాళీ వెనిగర్ సీసా, అల్యూమినియం చెంచా, దండగుచ్చిన పేపర్ చుట్టలు. టూరులో చూపించే సామగ్రి. ఆ సంచి మోస్తూ ఆవిడ కథలన్నీ నాకు నోటికొచ్చేశాయి.

తర్వాత ఆవిడ మోకాలికి వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. పులిహోర డబ్బా పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. డాక్టరు ఇంక అంతదూరం నడవద్దన్నాడట.

"మూసేస్తాను" అంది, పులిహోరలో వేరుశనగపప్పులు ఏరుకుంటూ.

"నేను చేస్తాను."

ఆవిడ చెంచా ఆపింది. "నువ్వు ఒక్కరోజైనా ఆ దేశంలో బతికావా?"

"లేదు."

"తాగుతావా?"

"లేదు."

"మరి ఏం చూసుకుని చేస్తావు?"

"నిలబడ్డాను కదా" అన్నాను. "కిరసనాయిలు కోసం, పంచదార కోసం, గ్యాస్ బండ కోసం. నా చిన్నతనం సగం రేషను షాపు అరుగు ముందే గడిచింది."

ఆవిడ మళ్ళీ చెంచా ఎత్తింది. పులిహోర అయిపోయాక షరతు చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం టూరు నేనొక్కదాన్నే నడపాలి. ఆవిడ నాలుగో బార్లో తలుపుకెదురుగా కూర్చుంటుంది. "వాళ్ళు లోపలికొస్తుంటే మొహాలు చూస్తాను. మొహాలే చెప్తాయి."

ఆ వారమంతా వంటింట్లో రిహార్సల్. ఆవిడ కథలు ఆవిడ మాటల్లోనే, ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాను. మా ఆయన "బ్రహ్మాండం" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. మా అమ్మాయి మాత్రం మొహమాటపడలేదు.

"అమ్మా, యూ సౌండ్ లైక్ ఎ జీపీఎస్."

"నోర్ముయ్యవే" అన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, మా ఇంట్లో గెలవడం కన్నా రచ్చే తేలిక.

శుక్రవారం చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఒక పది మంది వచ్చారు. పెళ్ళి కుదిరిన ఒక జంట, కొందరు నర్సులు, ఇద్దరు ముగ్గురు టూరిస్టులు, ఒక్కడే వచ్చిన ఒక ముసలాయన. పెద్దావిడ సామగ్రి ఇచ్చింది గానీ, వల సంచి మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అన్నీ మా అమ్మ అల్లిన ఎర్ర వైరు బుట్టలో వేసుకొచ్చాను. మొదటి బార్లో గ్లాసులు రాగానే మొదలుపెట్టాను. వెనిగర్ సీసా చూపించాను. దండ వేసుకున్నాను. బాగానే నవ్వారు. ఆ ఊపులో నారింజపండ్ల కథ ఎత్తుకున్నాను.

"నా చిన్నప్పుడు క్రిస్మస్‌కి మాత్రమే నారింజపండ్లు వచ్చేవి. మా అమ్మ మంచులో నిలబడి..."

"ఒక్క నిమిషం" అన్నాడు ముసలాయన. "మీరు పోలెండ్‌లో పుట్టారా?"

చూశారా! ఆవిడ కథలన్నీ "నేను" అనే ఉంటాయి కదా, నేనూ "నేను" అనే బట్టీపట్టేశాను. ఎక్కాలు అప్పజెప్పి పెరిగిన ప్రాణం, మార్చి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. విజయవాడలో మంచు!

"నేను పుట్టాను అక్కడ" అన్నాడాయన. కోపంగా కాదు, అదే ఇంకా బాధ. "మీది ఇండియా. నా చిన్నతనం మీరెందుకు చెప్తున్నారు?"

ఎవరో ఇబ్బందిగా దగ్గారు. పెద్దావిడ చెప్పిన కథలివి అని సర్దుకున్నాను గానీ, ఇంక ఎవరి మొహంలోనూ కళ లేదు. రెండో బారుకి నడుస్తుంటే వెనకాల గుసగుసలు. మరి మొహాలే చెప్తాయంది కదా ఆవిడ!

రెండో బారు ఒక సన్నటి సందులో ఉంది. తలుపు మూసేసి ఉంది. కొట్టగా కొట్టగా ఒకడు తల బయటపెట్టి, బీరు పీపా ఏదో లీకవుతోందట, కాసేపు ఆగాలి మేట్ అని మళ్ళీ మూసేశాడు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. సందులో గాలి సూదుల్లా గుచ్చుతోంది. నర్సులు టైము చూసుకుంటున్నారు. పెళ్ళికూతురు "వెళ్ళిపోదామా?" అంటోంది. ఆ పీపా మీద, ఆ గాలి మీద, ఆదివారం నాడు "ఆహా" అన్న ఆంటీ మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఇంత నేర్చుకుని పీపా చేతిలో ఓడిపోవాలా?

అప్పుడు చూశాను. గాలికి తట్టుకోలేక అందరూ గోడవార ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. బారు తీరారు.

"ఎవరూ కదలకండి!" అని అరిచాను. నిజంగానే అరిచాను. "నాకు కమ్యూనిజం తెలీదు. ఆయనన్నది నిజం, నేనెప్పుడూ అక్కడ బతకలేదు. నాకు తెలిసింది ఇదొక్కటే, ఇప్పుడు మీరున్నారే, ఇది. మా భాషలో దీన్నేమంటారో తెలుసా? బారు! మీరు బార్లోకి వెళ్ళలేదని ఏడుస్తున్నారు గానీ, అరగంట నుంచీ బారులోనే ఉన్నారు."

ఎవరో ఫక్కున నవ్వారు. నేను ఆగలేదు. ఎర్ర బుట్ట తీసి గోడ పక్కన పెట్టాను. మా రేషను షాపు ముందు మనుషుల కన్నా ముందు డబ్బాలు నిలబడేవనీ, డబ్బా లేనివాళ్ళు ఇటుక పెట్టి వెళ్ళేవాళ్ళనీ, ఆ ఇటుకని జరిపిన మనిషికి ఆ వీధిలో పరువుండేది కాదనీ చెప్పాను.

"మరి నీ ఇటుకని ఎవరు కాపలా కాస్తారు?" అని ఒక నర్సు అడిగింది.

"అదీ ప్రశ్న! అందుకే మా వాళ్ళు ముందు వరస కలుపుతారు. ఈ క్యూకి మాలో ఇంకో పేరు వరస. చుట్టరికానికీ అదే పేరు. ముందున్నావిణ్ణి పిన్నీ అన్నావా, ఇంక ఆవిడ నీ డబ్బా జరపలేదు. పిన్ని కదా! రండి, కలపండి. ముందున్నవాళ్ళు అక్క, అన్న. వెనకున్నవాళ్ళు చెల్లి, తమ్ముడు."

అక్కా, అన్నా అని మొదలైంది. ఆ నోళ్ళలో మన మాటలు పడే పాట్లు చూడాలి. ఇంతలో పెళ్ళికూతురు ముందున్న పెళ్ళికొడుకుని "అన్నా" అనబోయింది.

"అయ్యయ్యో, ఆపు! వావీ వరసా లేదా?" అని మధ్యలో దూకాను. "నువ్వతన్ని అన్నా అంటే పెళ్ళి ఆగిపోతుంది తల్లీ! బావా అను, బావా!"

అర్థమయ్యాక సందంతా దద్దరిల్లేలా నవ్వారు. "బావా!" అని ఆ పిల్ల అరిచింది. దారిన పోయే ఇద్దరు ఆఫీసు కుర్రాళ్ళు ఆగి, దేనికి క్యూ అని కూడా అడగకుండా వెనకాల చేరారు. చేరాక అడిగారు, ఏం ఇస్తున్నారిక్కడ అని. పెద్దావిడ చెప్పిన కథ నా కళ్ళ ముందే జరిగింది.

అది చూసి ముసలాయన మొహం మారింది. వరసలోంచి కదలకుండానే మాట్లాడాడు. చిన్నప్పుడు మాంసం క్యూలో వాళ్ళమ్మ తన చోట ఈయన్ని నిలబెట్టి పనికి పోయేదట. ముందు నిలబడే ఒకావిడ తన కోటు తెరిచి ఈయన్ని లోపలికి లాక్కునేదట, చలికి. "మేమూ వరస కలిపాం. ఆవిణ్ణి పిన్నీ అనేవాణ్ణి. అసలు పేరు నాకిప్పటికీ తెలీదు" అన్నాడు. "ఒకరోజు ఆవిడ రాలేదు. తర్వాతా రాలేదు. ఆ మొదటిరోజు మాత్రం ఆవిడ చోటు ఖాళీగా వదిలేసి జరిగాం, కౌంటరు దాకా."

తలుపు తీశారు. పీపా బాగయిందన్నారు. ఎవ్వరూ కదల్లేదు. ఆయన చెప్పడం పూర్తయ్యాకే లోపలికి వెళ్ళాం. మూడో బార్లో నేను చెప్పింది తక్కువ, వాళ్ళు చెప్పింది ఎక్కువ. నర్సు వాళ్ళ అమ్మమ్మ యుద్ధం రోజుల బ్రెడ్డు కథ చెప్పింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇద్దరూ అద్దె ఇల్లు చూడ్డానికి శనివారాలు నిలబడే క్యూల గురించి వాపోయారు. నాకు రెక్కలొచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ ఎక్కడుంది ఈ నోరు!

నాలుగో బార్లోకి వెళ్ళేసరికి ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. పెద్దావిడ తలుపుకెదురుగా కూర్చుని ఉంది, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. మా వాళ్ళు "పద అక్కా", "ముందు నువ్వు బావా" అనుకుంటూ, తోసుకోకుండా లోపలికొచ్చారు. ఆవిడ ఒక్కొక్క మొహమే చూసింది. ముసలాయన నేరుగా ఆవిడ దగ్గరికెళ్ళి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. నారింజపండ్ల సంగతి చెప్పేశాడేమో!

కౌంటరు దగ్గర మా వాళ్ళు అలవాటుగా బారు తీరారు. అందరినీ లోపలికి పంపి నేను చివర నిలబడ్డాను. ఆంటీతో ముందు నడుస్తానని గొప్పలు పోయాను గానీ, మందని తోలేవాడు వెనకే ఉండాలని ఆ పూటే తెలిసింది. ఎర్ర బుట్ట గట్టిగా పట్టుకుని ఎదురుగా ఉన్న వీపుల్నే చూస్తున్నాను. వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

కర్ర చప్పుడు వినిపించింది. కుర్చీ దగ్గర్నుంచి, బల్లల మధ్యగా, కౌంటరు ముందుకి కాదు, నా వెనక్కి. భుజం మీద ఒక వేలు తట్టింది.

"చివరాంటీ?"

"నేనే" అన్నాను.

వల సంచి నా బుట్టలో వేసి, పెద్దావిడ నా వెనక నిలబడింది.